పొదలు పెంచిన ఒస్మరీనా

నా కంచరగాడిదలకు ఒస్మరీనా ఇంటి దారి నాకంటే బాగా తెలుసు. వాగు దాటగానే పగ్గం లాగకుండానే ఎడమకు తిరుగుతాయి. షపురి నది చుట్టుపక్కల అడవుల్లో కస్తాన్యా గింజల బస్తాలు మోయిస్తూ ముప్ఫై ఏళ్ళుగా వాటిని తోలుతున్నాను. అందులో పదహారేళ్ళ పాటు ఆ ఇంటి నుంచి ఒక్క బస్తా కూడా ఎత్తింది లేదు. అయినా ప్రతి ఫిబ్రవరిలోనూ అక్కడ ఆగేవాణ్ణి. అలవాటు పడిన గాడిదలు, ఏం చేస్తాం అని అందరితో అనేవాణ్ణి. అది అబద్ధం. గాడిదలు పాపం కాదని అనలేవు కాబట్టి వాటి మీదికి నెట్టాను.

ఒస్మరీనా పుట్టింది ఆ ఇంట్లోనే. అప్పుడది తాటాకు కప్పు, వెదురు గోడలు. ఇప్పుడు రేకు కప్పు, అంతే తేడా. ఆమె తండ్రి ఎండాకాలం రబ్బరు చెట్లకు గాట్లు పెట్టేవాడు, వానాకాలం కస్తాన్యా కాయలు ఏరేవాడు. తొమ్మిదేళ్ళు నిండగానే కూతురి వీపుకు కూడా ఒక బుట్ట కట్టాడు. ఆ బుట్ట బరువంతా నుదుటికి వేసే నారపట్టీ మీద పడుతుంది. ఒస్మరీనా నుదుటి మీద అడ్డంగా ఒక నొక్కు ఉండేది, వేలు పెడితే తగిలేంత లోతు. "ఇదేంటక్కా?" అని మొదటిసారి అడిగినప్పుడు, "నా చదువు," అంది. ఆమె వేళాకోళాలు అంతే, రెండు మాటలు దాటేవి కావు.

మాకు చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళింట్లో కాఫీ తాగీ తాగీ ఆమె అక్క అయింది, ఆమె మొగుడు ఎవిలాజియో బావ అయ్యాడు. ఎవిలాజియో మాటకారి. దారిన పోయే ప్రతివాణ్ణీ పిలిచి, కర్రపెండలం పిండితో చేపల పులుసు పెట్టి, ఆ పూటంతా కదలనిచ్చేవాడు కాదు. ఆమె చేత పది మాటలు ఆడించాలంటే వారం పట్టేది. ఇద్దరికీ పిల్లలు నిలవలేదు. ఉన్నవల్లా ఆ ఇల్లు, దాని చుట్టూ అడవి, ఆ అడవిలో పందొమ్మిది కస్తాన్యా చెట్లు.

నలుగురు చేతులు చాచినా చుట్టు అందని మానులవి. మిగతా అడవినంతా కిందికి వదిలేసి, తల పైకెత్తి నిలబడతాయి. ఒక్కో కాయ చిన్న కొబ్బరికాయంత ఉంటుంది, పెంకు రాయే అనుకోండి. లోపల ఇరవై గింజలు తొనల్లా సర్దుకుని ఉంటాయి. అంత ఎత్తు నుంచి కాయ పడితే పుర్రె నిలవదు. ఒస్మరీనా చిన్నాన్న అలాగే పోయాడు. అందుకే గాలివాన పడ్డ పొద్దున ఎవరూ చెట్టు కిందికి వెళ్ళరు. మిగతా రోజుల్లో వెళ్ళినవాళ్ళు గబగబా కాయలు ఏరి, కొమ్మల నీడ దాటిన తర్వాతే కుప్ప పోస్తారు, అక్కడ కూర్చునే కత్తితో పగలగొడతారు. చెట్టు కింద ఒక్క మాట కూడా మాట్లాడరు, చెవులన్నీ పైనే ఉంటాయి.

రబ్బరు కొనేవాళ్ళు లేకుండా పోయిన కాలంలో వాల్దివినో వచ్చాడు. మంచి టోపీ, మంచి జీపు, అన్నింటికంటే మంచి నోరు. వాగుకు అవతలంతా అప్పటికే అతని ఆవులు మేస్తున్నాయి. ఇవతల కూడా అడవి తీసి గడ్డి వేస్తాననీ, భూమి మీదే, గడ్డి నాదే అనీ ఒప్పందం తెచ్చాడు. ఆ రోజు వాళ్ళ వంటింటి బల్ల దగ్గర నేనూ ఉన్నాను.

"కస్తాన్యాల జోలికి పోనమ్మా," అన్నాడు వాల్దివినో. "వాటి మీద గొడ్డలి వేస్తే జైలుకే. చుట్టూ ఉన్న చెత్త మటుకే తీయిస్తాను."

"చెత్తంటే?" అంది ఒస్మరీనా.

"చెత్తంటే ఏముంది, తీగలూ, ముళ్ళూ, పాములూ. గడ్డి మొలిచాక చూడు. పెరట్లో కోడిగుడ్లు ఏరుకున్నట్టు కాయలు ఏరుకుంటావు."

ఎవిలాజియో నా వైపు తిరిగాడు. "ఏమంటావు తార్సీజో? నాలుగు ఊళ్ళు తిరిగేవాడివి."

"ఆలోచించేదేముంది బావా," అన్నాను. "నా గాడిదలు చెట్టు మొదటి దాకా వస్తాయి. అక్క వీపుకి బరువు తప్పుతుంది."

ఆమె మీద జాలితోనే అన్నాను. ఆ ముళ్ళదారిలో నా గాడిదల కాళ్ళు చీరుకుపోతున్నాయన్న బాధ కూడా అందులో కలిసింది. ఒస్మరీనా కాసేపు కాఫీ గిన్నెలోకి చూసి, "చెట్లయితే ఉంటాయిగా," అంది. నన్నే అడిగింది. ఉంటాయన్నాను.

జూన్‌లో రంపాలు దిగాయి, సెప్టెంబరులో నిప్పు పెట్టారు. పందొమ్మిది చెట్లూ మొదళ్ళలో మనిషెత్తు మసి పట్టి, మైదానంలో దూరం దూరంగా మిగిలాయి. మరుసటి జనవరిలో కాయలు రాలాయి, బ్రహ్మాండంగా రాలాయి. రెండు నెలలు పట్టే ఏరుడు పదకొండు రోజుల్లో అయిపోయింది. నా గాడిదలు చెట్టు మొదట్లో నిలబడి బస్తాలు ఎత్తించుకున్నాయి. "ఇంకా ముళ్ళలో దూరుతున్నారటగా, దూరండి దూరండి," అని ఎవిలాజియో ఇరుగుపొరుగును ఆట పట్టించాడు. చూసి మరో మూడు కుటుంబాలు వాల్దివినోను పిలిచి ఒప్పందం చేసుకున్నాయి.

కస్తాన్యా పువ్వు పిందె పట్టి, కాయై రాలడానికి ఏడాదికి పైనే పడుతుంది. మేం ఏరుకున్న కాయలన్నీ అడవి ఉన్నప్పుడు పట్టినవి. ఇది మాలో పాలు మరిచిన పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన మేమంతా ఆ జనవరిలో కట్టగట్టుకుని మరిచిపోయాం. ఇంత పెద్దవాళ్ళం ఎలా మరిచిపోయామా అని ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

మరుసటి ఏడు సగం కూడా రాలలేదు. ఆ పై ఏడు ఒక్క కాయ లేదు. చెట్లు అలిసిపోయి ఉంటాయి, ఒక ఏడు పడుకుంటాయిలే అన్నాడు ఎవిలాజియో. నాలుగో ఏడు, అలాగైనా కాస్తాయని మానులకు తుప్పు మేకులు కొట్టాడు, కత్తి వెనకవైపుతో మాను మీద బాది, "కాస్తావా, నరకమంటావా?" అని బెదిరించాడు. పూత మాత్రం ఎప్పటిలాగే వచ్చేది. అక్టోబరులో గడ్డి మీద పసుపు చల్లినట్టు పువ్వులు రాలేవి. ఎదురుచూసి మా కళ్ళు కాయలు కాశాయి గానీ చెట్లు కాయలేదు.

ఆ ఏడు నేను వెళ్ళేసరికి ఒస్మరీనా గడప మీద కూర్చుని చెట్టు వైపు చూస్తోంది. చెట్టు కింద ఒక ఆవు పడుకుని నెమరు వేస్తోంది, పక్కన దూడ నిద్రపోతోంది.

"చూశావా దాని ధైర్యం," అంది. "నేను పుట్టి బుద్ధెరిగాక ఆ చోట ఎవరూ కూర్చోవడం చూళ్ళేదు."

పశువును తోలేద్దామన్నట్టు లేచాను. "కూర్చో, అదేం చేసింది," అంది.

ఆ అక్టోబరు పూత సమయంలో అటు వెళ్తే ఆమె నాకు ఒక పువ్వు చూపించింది. కస్తాన్యా పువ్వుకు బుడిపెలాంటి మూత ఉంటుంది, దాన్ని పైకెత్తితేనే లోపల తేనె. ఎత్తడానికి బొటనవేలంత తుమ్మెద కావాలి, చిన్నా చితకా ఈగలకు ఆ బలం చాలదు. ఆమె చిన్నప్పుడు పూత రోజుల్లో తెల్లవారేసరికి పైనంతా ఆ తుమ్మెదల రొదే ఉండేదట. ఇప్పుడు మెడ నొప్పి పుట్టేదాకా వెల్లకిలా పడుకుని విన్నా గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఈ పూత వాటికి మూడు నెలల తిండే తార్సీజో," అంది. "మిగతా తొమ్మిది నెలలూ తినేది ఆ చెత్తలోనే ఉండేది."

వాల్దివినో వాడిన చెత్త అన్న మాట ఆమె నోట మళ్ళీ వినడం నాకు చెంపదెబ్బే. ఆమె మటుకు నన్ను ఉద్దేశించి అన్నట్టు లేదు.

ఒప్పందం గడువు తీరగానే ఆమె వాల్దివినోను పిలిచి, వాగు ఒడ్డున మిగిలిన అడవి నుంచి ఆరు చెట్ల దాకా రెండు వందల అడుగుల వెడల్పున ఒక పట్టీ వదిలేయమంది. కంచె వెనక్కి జరపాలి, ఆవులు అందులోకి రాకూడదు.

"అందులో ఏం వేస్తావమ్మా?" అన్నాడు.

"ఏమీ వెయ్యను. వచ్చింది రానిస్తాను."

"పొదలు వస్తాయి."

"రానీ."

అతను నవ్వాడు గానీ కంచె జరిపాడు. చెడ్డవాడేం కాదు, అతనికి గడ్డి తప్ప మరొకటి కనిపించదు, అంతే. ఊళ్ళో ఆమెకు పొదలమ్మ అని పేరు పెట్టింది కూడా అతనే. షపురి బజారులో ఉప్పు కొనడానికి వస్తే, "ఏం పొదలమ్మా, ఈ ఏడు పంట ఎలా ఉంది?" అనేవాళ్ళు. "ఏపుగా ఉంది," అని ఉప్పు తీసుకుని వచ్చేసేది.

రెండేళ్ళు చూసి ఎవిలాజియో చేతులెత్తేశాడు. పట్నంలో అతని చెల్లెలు ఉంది. అక్కడ చర్చి ముందు తోపుడుబండి మీద మొక్కజొన్న పేలాలు అమ్ముకోవచ్చని కబురు పెట్టింది.

"అడవి పెరిగేదాకా కూర్చోడానికి నాకు వయసేదే?" అన్నాడు. "నువ్వూ రా. ఇద్దరం పేలాలు వేయించుకుందాం."

"ఇంకో పూత చూసి వస్తాను," అంది ఒస్మరీనా.

పోట్లాట లేదు, విడిపోవడం కాదు. అతను క్రిస్మస్‌కు కాఫీ, పంచదార, ఒక కొత్త గౌను తెచ్చేవాడు, పది రోజులుండి పోయేవాడు. పోయేటప్పుడు మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే జవాబు. ఇంకో పూత, ఇంకో పూత అంటూ ఆమెకు అరవై దగ్గర పడ్డాయి.

పొదలు పెంచడం ఏం కష్టం అనుకుంటారు. కష్టం పొదలతో కాదు, నిప్పుతో. ఆగస్టు, సెప్టెంబరుల్లో చుట్టుపక్కల వాళ్ళంతా గడ్డి కొత్తగా మొలవాలని పాతదానికి నిప్పు పెడతారు. అది పట్టీలోకి దాటకూడదంటే చుట్టూ నాలుగడుగుల వెడల్పున నేలను మట్టి కనిపించేలా చెక్కాలి. ఆ గడ్డి వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, పార వేస్తే తిరిగి కొడుతుంది. ఒంటరి ఆడది, తెల్లవారగానే మొదలుపెట్టి ఎండ ఎక్కేదాకా, రోజుకు ఇరవై అడుగులు. చివరికి వచ్చేసరికి మొదట్లో మళ్ళీ మొలిచేది. ఆ రెండు నెలలూ ఆమె అన్నం కూడా నిలబడే తినేదట, కూర్చుంటే లేవలేనని.

ఏడో ఏట గాలి తిరిగింది. పడమటి వైపు నుంచి నిప్పు ఆ నాలుగడుగులూ గెంతి లోపల పడింది. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి రెండు రోజులైంది. పట్టీ అంతా బూడిద. ఆరు చెట్లలో రెండు నిలువునా మాడిపోయాయి. ఆమె పాదాలు బొబ్బలెక్కి, అరిటాకులు చుట్టుకుని గడప మీద కూర్చుంది.

"ఏడేళ్ళు తార్సీజో," అంది. కళ్ళ నీళ్ళు చెంపల మసి మీద నుంచి కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆమె ఏడవగా చూడటం నాకు అదొక్కసారే.

అప్పటిదాకా గొంతులో ఉన్నది బయటికి వచ్చేసింది. "తప్పు నాది అక్కా. ఆ రోజు ఆ మాట నేనే అన్నాను. నేను వద్దంటే బావ ఒప్పుకునేవాడు కాదు."

ఆమె పాదానికి చుట్టిన అరిటాకు బిగించుకుంది. తర్వాత, "పొయ్యి మీద కాఫీ ఉంది, పోసుకో," అంది. కాదనీ అనలేదు, అవుననీ అనలేదు. ఆ కాఫీ తాగడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

ఇక పట్నం వెళ్తుందనుకున్నాం అందరం. బొబ్బలు మానాక మళ్ళీ పార పట్టింది. ఈసారి ఆరడుగులు చెక్కడం మొదలెట్టింది.

"ఎందుకక్కా ఈ గొడవ?" అన్నాను. "ఆ నాలుగు చెట్లు కాయకపోతే ఇప్పుడు కొంప మునిగిందేముంది?"

"ఏం మునగదు," అంది. పార మట్టి దులిపి, దాని మీద చేతులు ఆనించి నిలబడింది. "మా నాన్న నాకిచ్చినప్పుడు కాసేవి. నా చేతిలో ఆగిపోయాయి. అలా ఒదిలేసి పోతే పేలాలు నోట్లోకి పోవు."

ఆ తర్వాత నేను ఏటా ఆగస్టులో వారం రోజులు వెళ్ళి చెక్కాను. ఏదో పుణ్యం చేశానని చెప్పడం లేదు. మిగతా ఏడు వారాలూ ఆమే చెక్కింది, నేను నా పనులు చూసుకున్నాను. మనిషి సిగ్గు వారం రోజులకు సరిపోతుందేమో.

పోయిన ఏడు ఎవిలాజియోకు ఛాతీ పట్టేసింది. బండి తోయలేకపోతున్నాడు, చెల్లెలు కూడా పోయింది. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు అతను పేలాల గురించి, బజారు కబుర్ల గురించి ఏమీ మాట్లాడలేదట. "ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నానే," అన్నాడట. ఒస్మరీనా అతని చేయి పట్టుకుని, ఫిబ్రవరిలో కాయలు రాలే కాలం చూసి, కాసినా కాయకపోయినా వచ్చేస్తానని ఒట్టు వేసింది. అందుకని ఈ ఫిబ్రవరిలో ఎవిలాజియోను గాడిద మీద ఎక్కించుకుని, ఆమెను తీసుకురావడానికి నేనే వెళ్ళాను.

ఆమె మూట కట్టుకునే ఉంది. అరవై ఆరేళ్ళ మనిషి, ఎనభై ఉన్నట్టుంది. నడుము వంగిపోయింది. కుడిచేయి భుజం దాటి లేవదు. "పోయేముందు ఒకసారి లోపలికి వెళ్ళొద్దాం," అంది.

పట్టీలోకి వంగి దూరాలి. ఏడేళ్ళలో ఇంటికి రెండింతల ఎత్తు పెరిగింది. లోపల చల్లగా, చెమ్మగా ఉంది, కాలి కింద ఆకు మెత్తగా దిగుతోంది. మేం ముగ్గురం ముసలాళ్ళం తీగలు పక్కకు నెట్టుకుంటూ, పది అడుగులకోసారి ఆయాసం తీర్చుకుంటూ నడిచాం. మొదటి చెట్టు కింద ఏమీ లేదు. రెండో చెట్టు కిందా లేదు. ఎవిలాజియో నా వైపు చూసి, ఇక చాలు అన్నట్టు తల ఊపాడు.

మూడో చెట్టు వేళ్ళ మధ్య ఆకుల్లో ఒక కాయ ఉంది. ఎవిలాజియోయే ముందు చూశాడు. వంగి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. చప్పుడు లేదు. తిప్పి చూస్తే ఒక పక్క పెంకు కొరికి గుండ్రంగా బెజ్జం చేసి ఉంది. లోపల ఒక్క గింజ లేదు. ఆ పెంకును పళ్ళతో తొలిచేది మా అడవిలో కుతియా ఒక్కటే. ఎలుకజాతిదే, కుందేలంత ఉంటుంది, తోక ఉండీ లేనట్టుంటుంది. మధ్యాహ్నం దాకా వెతికితే మరో రెండు పెంకులు దొరికాయి. అవీ ఖాళీయే.

"మూడు కాయలు," అన్నాడు ఎవిలాజియో. "పదహారేళ్ళకి మూడు. అందులో నీ నోటికి ఒక్క గింజ దక్కనివ్వలేదే ఆ ముండ."

ఒస్మరీనా వేరు మీద కూర్చుని పెంకును ఒళ్ళో పెట్టుకుంది. బెజ్జం అంచున పళ్ళ గాట్లను వేలితో తడుముతోంది. ఏడుస్తుందనుకుని నేను మొహం తిప్పుకున్నాను.

"కుతియా బోడి నేల మీదికి రాదయ్యా," అంది. "గద్దంటే దానికి ప్రాణభయం. ఇంత దూరం వచ్చిందంటే ఇది అడవే అనుకుంది."

"అనుకుంటే?"

"గింజలన్నీ అది తిన్లేదు. చుట్టుపక్కల ఎక్కడెక్కడో పాతిపెట్టుకుని ఉంటుంది. సగం ఎక్కడ పెట్టిందో దానికే గుర్తుండదు. అవి మొలుస్తాయి." పెంకును ఉన్న చోటే, ఆకుల్లో పెట్టేసింది. "కాయించడానికి తుమ్మెదలు వచ్చాయి, నాటడానికి ఇది వచ్చింది. ఇక నాతో ఈ అడవికి పని లేదు. నాకు ఒళ్ళు అలిసిపోయింది. పద, ఇంటికి పోదాం."

ఇల్లు అన్నది ఆమె పట్నాన్ని. ఎవిలాజియో ఆమె భుజం పట్టుకుని లేపాడు, అతన్ని నేను పట్టుకున్నాను. ఇంకో పూత అంటుందేమోనని దారంతా భయపడుతూ వచ్చినవాణ్ణి, అననందుకు నాకు దుఃఖం వచ్చింది.

గాడిద ఎక్కించి, మూట వెనక కట్టాను. పగ్గం అందిస్తుంటే ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఆగస్టు పదో తారీఖులోపు మొదలెట్టు తార్సీజో," అంది. "ఆరడుగులు. పడమటి వైపు ఇంకో రెండు ఎక్కువ తియ్యి, గాలి అటు నుంచే తిరుగుతుంది. పార తలుపు వెనక పెట్టాను, పిడి కొత్తది వేశాను."

చేస్తావా అని అడగలేదు. వారం రోజులా, రెండు నెలలా అని నేనూ అడగలేదు.

పుట్టి పెరిగిన ఇంటి నుంచి ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళింది. వాగు దగ్గర ఆగి నేనే వెనక్కి చూశాను, పడమటి వైపు చెక్కాల్సింది ఎన్ని అడుగులుంటుందోనని.